విండోస్ 11కి మారాలా? ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లి. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, పాంప్లెట్లు, పెద్ద దర్గా ఉరుసుకు, దేవుని కడప ఉత్సవాలకు ఆహ్వానాలు, అర్జీల టైపింగ్ ఇవే నా జాబులు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు లేకపోతే నాకు పని లేదు. 2019లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఇది. ఇంటెల్ ఐ3 ఎనిమిదో తరం, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. సపోర్ట్ అయిపోయిందని కొన్నాళ్లుగా స్క్రీన్ నిండా నోటీసు వస్తోంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి వెంటనే 11 వేయించమంటాడు. ఏడురోడ్ల దగ్గర షాపులో చూపిస్తే ఈ మిషన్‌కు 11 ఎక్కదు, కొత్తది కొనమన్నారు. పక్క వీధిలో ఫ్లెక్సీలు వేసే తమ్ముడేమో 'ఏ అప్‌డేటూ వద్దక్కా, నెట్ తీసేసి పని చేసుకో' అంటాడు. ముగ్గురి మాటలతో టెన్షన్ పెరిగింది తప్ప ఏమీ తేలలేదు. మా అమ్మాయి చదువుకు వాడే పాత లాప్‌టాప్ కూడా ఒకటుంది, ఐ5 ఐదో తరం. దానికేం చేయాలో కూడా చెప్పండి.
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయితే ఆ మిషన్ మీద మీరు ఏ పని చేస్తున్నారో, అది ఒక్క రోజు ఆగితే ఏమవుతుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు. నా మాట ఇది: విండోస్ 11కి మారండి. కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. కానీ ఈ వారం వద్దు, చేతిలో పెళ్లి పత్రికలు ఉన్నప్పుడు అసలే వద్దు. మారే ముందు, ఏం తేడా వచ్చినా అదే రోజు పాత స్థితికి తిరిగి వచ్చే ఏర్పాటు చేసుకోండి. అది ఒకటి ఉంటే మిగతావన్నీ చిన్న విషయాలే.

ముందు ఆ నోటీసు సంగతి చూద్దాం. విండోస్ 10 విడుదలైంది 2015 జులై 29న. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. అంతమాత్రాన మీ కంప్యూటర్ ఆగిపోదు, పేజ్‌మేకర్ తెరుచుకోకుండా పోదు, ఫైళ్లు ఎక్కడికీ పోవు. ప్రతి నెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగిపోతాయి. ఇకమీదట విండోస్ 10లో ఏదైనా లోపం బయటపడితే, దొంగలకు దాని సంగతి తెలుస్తుంది గానీ మీ మిషన్‌కు సవరణ రాదు.

దీనికి తాత్కాలికంగా ఒక ఉపాయం ఉంది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లను పొడిగించింది. దీన్ని ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అంటారు. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 అయి ఉంటే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమనే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టే పని లేదు. ముందు ఈ పని చేయండి. దీంతో తొందర తగ్గి, మిగతా పనులకు వ్యవధి దొరుకుతుంది. చేరేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను కూడా వన్‌డ్రైవ్‌కు (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వకు) పంపమంటావా అని అడిగితే వద్దనండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. పైగా ఫోల్డర్లు చోటు మారితే పేజ్‌మేకర్ ఫైళ్లలో పెట్టిన బొమ్మల లింకులు తెగిపోవచ్చు.

ఇక మీ తమ్ముడి మాట. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2021 మార్చిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ తర్వాత, కొన్ని ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే నీలం స్క్రీన్ వచ్చి మిషన్ ఆగిపోయేది. కొద్ది రోజుల్లో సవరణ వచ్చినా, ఆ రోజుల్లో జాబు ఇవ్వాల్సినవాళ్లు పడ్డ తిప్పలు ప్రింటింగ్ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అలాంటిది ఒకసారి చూసినవాళ్లు అప్‌డేట్ అంటేనే ఉలిక్కిపడటం సహజం.

కానీ నెట్ తీసేసి మీరు పని చేయగలరా? పెళ్లివాళ్లు వివరాలు పంపేది వాట్సాప్‌లో, ప్రూఫ్ తిరిగి చూసుకునేదీ వాట్సాప్‌లోనే. ఫోటోలు ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, అది అంతకుముందు ఎన్ని కంప్యూటర్లు తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి సవరణ ఆ ఏడాది మార్చిలోనే విడుదలైంది. రెండు నెలలు అప్‌డేట్ వేసుకోని మిషన్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మీ దగ్గర ఏళ్ల తరబడి చేసిన పత్రికల ఫైళ్లున్నాయి. అక్క పెళ్లి పత్రిక చేయించుకున్న ఇంటివాళ్లు చెల్లి పెళ్లికి 'అదే మోడల్' అని వస్తారు. ఆ ఫైళ్లే మీ ఆస్తి.

షాపువాళ్లు మిషన్‌కు 11 ఎక్కదన్నారు కదా, అది నిజం కాకపోవచ్చు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి అర్హత ఉంది, మీది ఆ గీత మీదే ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ చోటు కనీస నిబంధనలు, అవీ సరిపోతాయి. తేడా కొట్టేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి టీపీఎం 2.0, అంటే రహస్య సంకేతాలను దాచే భాగం. మీ తరం ప్రాసెసర్లలో అది పీటీటీ పేరుతో లోపలే ఉంటుంది. అసెంబుల్డ్ మిషన్లలో చాలావాటికి బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో, అది ఆఫ్‌లో ఉంటుంది, అంతే. రెండోది, విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో, అంటే ఇప్పటి యూఈఎఫ్ఐ బూట్ పద్ధతికి ముందున్న తీరులో, ఇన్‌స్టాల్ చేసి ఉండటం. ఈ రెండింటిలో ఏది ఉన్నా 'ఈ పీసీకి అర్హత లేదు' అనే వస్తుంది. దాన్ని చూసి కొత్తది కొనమనడం తేలిక, బయోస్ తెరిచి చూడటం కాస్త శ్రమ.

మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. దాన్ని నడిపితే ఏది తక్కువైందో పేరు పెట్టి చెబుతుంది. ప్రాసెసర్ పేరు ఎర్ర గుర్తులో లేకుండా టీపీఎం, సెక్యూర్ బూట్ (నకిలీ ప్రోగ్రాంతో మిషన్ మొదలవకుండా చూసే తనిఖీ) మాత్రమే ఉంటే మిషన్ బాగున్నట్టే. అప్పుడు మెకానిక్‌ను ఇలా అడగండి: 'బయోస్‌లో పీటీటీ ఆన్ చేయండి. డిస్క్ ఎంబీఆర్‌లో ఉంటే డేటా పోకుండా జీపీటీకి మార్చి, ఆ తర్వాతే యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ పెట్టండి.' డిస్క్‌ను భాగాలుగా నమోదు చేసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. ఈ వరుస ముఖ్యం. డిస్క్ మార్చకుండా ముందే లెగసీ ఆపేస్తే కంప్యూటర్ బూట్ కాదు. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది, ఫార్మాట్ కొట్టక్కర్లేదు. బయోస్‌లో ఏదైనా ముట్టుకునే ముందు ఆ స్క్రీన్లన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటుంది: మీ విండోస్ 10 ముప్పైరెండు బిట్లదా, అరవైనాలుగు బిట్లదా? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే సిస్టమ్ టైప్ అన్నచోట ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న డీటీపీ మిషన్లకు, పాత సాఫ్ట్‌వేర్ కోసమని 32 బిట్ వేసి ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ లేనే లేదు. అలాగైతే ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కుదరదు, మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి. 32 బిట్ డ్రైవర్లు 64 బిట్ విండోస్‌లో పనిచేయవు కాబట్టి మీ ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవాలి. అరవైనాలుగే అయి, అందులో పేజ్‌మేకర్ ఇప్పుడు నడుస్తుంటే మాత్రం 11లోనూ నడిచే అవకాశాలే చాలా ఎక్కువ.

సెట్టింగ్స్‌లోనే యాక్టివేషన్ పేజీ కూడా ఒకసారి చూడండి. విండోస్ అసలైనదైతే 11కి మారడం ఉచితం. అసెంబుల్డ్ మిషన్లలో లైసెన్స్ లేని కాపీలు ఎక్కువ, మీదీ అలాంటిదైతే లైసెన్స్ కొనుక్కోండి. రోజూ మీకు అన్నం పెట్టే మిషన్ మీద ఎవరో తాళం పగలగొట్టిన కాపీ పెట్టుకోవద్దు.

ఇక అసలు ఏర్పాటు. ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగమైన డిస్క్) కొనండి, 256 జీబీ చాలు. ర్యామ్ 8 జీబీకి పెంచండి. విండోస్ 11 కనీస నిబంధన 4 జీబీ అని కాగితం మీద ఉన్నా, పేజ్‌మేకర్, ఫోటోషాప్, వాట్సాప్ వెబ్ ఒకేసారి తెరిచేవాళ్లకు అది నరకం. పాత హార్డ్ డిస్క్ మీద 11 వేస్తే ఇంకా నెమ్మది. ఈ రెండూ కలిపినా కొత్త కంప్యూటర్ ఖరీదులో చిన్న భాగమే అవుతుంది.

పాత డిస్క్‌లో ఉన్నదంతా, విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు, క్లోన్ చేసి ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించమనండి. మీ ఫైళ్లు 256 జీబీలో పట్టవనిపిస్తే పాత ఫోటోలు, వీడియోలు ముందే బయటి డిస్క్‌లోకి తీయండి. క్లోన్ అయ్యాక ఎస్‌ఎస్‌డీతో బూట్ అవుతోందో చూసి, పాత హార్డ్ డిస్క్‌ను మిషన్ నుంచి పూర్తిగా తీసి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టండి. జీపీటీకి మార్చడం, 11 వేయడం అన్నీ ఎస్‌ఎస్‌డీ మీదే జరగాలి. 32 బిట్ అని తేలితే క్లోన్ వద్దు, ఎస్‌ఎస్‌డీ మీద నేరుగా 11 వేసి, ఫైళ్లు పాత డిస్క్ నుంచి కాపీ చేసుకోండి. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మారినా పోదు.

ఇలా చేస్తే మీ పాత దుకాణం చెక్కుచెదరకుండా బీరువాలో ఉన్నట్టే. 11లో పేజ్‌మేకర్ మొండికేసిందనుకోండి, మధ్యాహ్నం పత్రిక ప్రెస్సుకు వెళ్లాలనుకోండి. ఎస్‌ఎస్‌డీ తీసి పాత డిస్క్ తగిలించి, ఫోటోలు చూసుకుంటూ బయోస్‌లో పాత సెట్టింగులు పెడితే నిన్నటి కంప్యూటర్ నిన్నటిలాగే తెరుచుకుంటుంది. విండోస్‌లోనే 'గో బ్యాక్' అని వెనక్కి పోయే సదుపాయం ఉంది గానీ దానికి 10 రోజులే గడువు, డిస్క్ క్లీనప్ చేస్తే ఆ అవకాశం కూడా పోతుంది. మీ పనికి దాన్ని నమ్ముకోలేం. పాత డిస్క్‌తో నడిపే రోజు మాత్రం మీ తమ్ముడి సలహా పాటించండి, నెట్ కేబుల్ పీకేసి పని చేసుకోండి.

అను ఫాంట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నష్టమంటూ జరిగితే ఎక్కువగా ఇక్కడే. అనులో కొట్టిన తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చిన ఫాంట్ అది. ఫాంట్ లేని మిషన్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్లు దాచుకుంటే సరిపోదు. ఫాంట్లు, కీబోర్డు నడిపే స్క్రిప్ట్ మేనేజర్ ఇన్‌స్టాల్ చేసే సీడీ లేదా ఫైలు, దాని కీ, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలర్, ప్రింటర్ డ్రైవర్, ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో విడిగా ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా అది దొరికేదాకా 11 జోలికి పోవద్దు. పూర్తయిన జాబులను పీడీఎఫ్‌గా కూడా దాచండి. ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి ఎక్కడైనా తెరుచుకుంటుంది.

11 వేశాక కొత్త జాబు మొదలుపెట్టకుండా, ముందు ఒక పాత పెళ్లి పత్రిక తెరవండి. లైన్లు జరిగాయా, బొమ్మలు వచ్చాయా చూడండి. తర్వాత ఖాళీ పేజీలో రోజూ కొట్టే మాటలే కొట్టండి: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, జ్యేష్ఠ పుత్రుడు, ద్వితీయ పుత్రిక, సుముహూర్తం. ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా, మీ వేళ్లకు అలవాటైన కీబోర్డు లేఅవుటే వచ్చిందా? ప్రింట్ తీయండి, పీడీఎఫ్ చేయండి, స్కానర్ ఉంటే ఒక కాగితం స్కాన్ చేయండి. స్కానర్ సంగతి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, 2024 అక్టోబర్‌లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ వచ్చిన కొత్తలో యూఎస్‌బీతో కలిపిన కొన్ని స్కానర్లు, స్కానర్ ఉన్న ప్రింటర్లు కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. అలాంటి పరికరాలున్న మిషన్లకు మైక్రోసాఫ్టే కొన్నాళ్లు ఆ వెర్షన్ ఇవ్వకుండా ఆపింది.

దీన్నిబట్టి మీ అబ్బాయితో ఒక తేడా చెప్పండి. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్ వేరు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ వేరు. మొదటిది ఆలస్యం చేయకూడదు. రెండోదానికి తొందర లేదు, వచ్చిన రోజే వేసుకోవాల్సిన అవసరం మనకు ఏమీ లేదు. 25హెచ్2 2025 సెప్టెంబర్ 30న వచ్చింది. అందులో గానీ తర్వాత వచ్చేవాటిలో గానీ ప్రకటనల్లో చూపించే ఏఐ హంగుల్లో కొన్ని ప్రత్యేక ప్రాసెసర్ ఉన్న కొత్త లాప్‌టాప్‌లకే, మీ మిషన్‌లో రావు. విండోస్ అప్‌డేట్ పేజీలో 'కొత్త అప్‌డేట్లు రాగానే ఇవ్వండి' అనే మీట ఉంటుంది, దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. మరీ పని ఒత్తిడి ఉన్న వారాల్లో అప్‌డేట్లను 5 వారాల వరకు ఆపుకునే పాజ్ సదుపాయం ఉంది. ముహూర్తాలు ముసురుకున్నప్పుడు దాన్ని వాడుకోండి, ముహూర్తాలు అయ్యాక తీసేయండి.

ఎప్పుడు వేయాలి? మూఢం వచ్చినప్పుడు. శూన్యమాసం అయినా సరే. పత్రికల పని లేని రోజులు మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ రోజుల్లో కూడా పేపర్లో 'విద్యుత్ సరఫరాకు అంతరాయం' అని మీ వీధి పేరు వచ్చిందేమో చూసి మొదలుపెట్టండి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే విండోస్ సగంలో ఆగి పాడయ్యే ప్రమాదం ఉంది. యూపీఎస్ బ్యాటరీ మంచిగా లేకపోతే ముందు అది మార్పించండి. ఏప్రిల్, మే వడగాడ్పుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది, రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ఫోన్ డేటాతో కాదు, బ్రాడ్‌బ్యాండ్ కావాలి.

డౌన్‌లోడ్ విండోస్ అప్‌డేట్ నుంచి గానీ మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి గానీ మాత్రమే చేయండి. 2022 మొదట్లో అచ్చం మైక్రోసాఫ్ట్ సైటులా కనిపించే ఒక నకిలీ సైటు పెట్టి, విండోస్ 11 అప్‌గ్రేడ్ పేరుతో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాం పంచారు. 'మీ విండోస్ గడువు అయిపోయింది, మేం మైక్రోసాఫ్ట్ నుంచి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా తనంతట తాను ఫోన్ చేయదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేటట్టయితే ఇంకొక జాగ్రత్త. కొత్త విండోస్ 11 సెటప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. చాలా మిషన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే రహస్య తాళం) దానంతటదే ఆన్ అయి, దాన్ని తెరిచే రికవరీ కీ ఆ అకౌంట్‌లో చేరుతుంది. మీ అబ్బాయి తన అకౌంట్‌తో సెటప్ చేసి వెళ్తే ఆ కీ ఆయన దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా కంప్యూటర్ అడిగితే మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మీ పేరుతోనే అకౌంట్ తెరిచి, ఆ కీని కాగితం మీద రాసి పాత డిస్క్ పక్కనే పెట్టండి.

పేజ్‌మేకర్ మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. 7.0 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్‌కు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఈసారి నడుస్తుంది, వచ్చేసారి కూడా నడుస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. పత్రికల పని దాంట్లోనే ఉంచుకోండి. కానీ అర్జీలు, బయోడేటాలు ఇప్పటినుంచే యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో పెట్టే అర్జీలకు ఎటూ అదే కావాలి. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, విడిగా ఏమీ కొననక్కర్లేదు. గౌతమి ఫాంట్‌లో చేసిన పాత వర్డ్ ఫైళ్లు కొత్త ఇన్‌స్టాల్‌లో వేరేగా కనిపిస్తే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించండి, గౌతమి, వాణి రెండూ వస్తాయి.

ఇక అమ్మాయి లాప్‌టాప్. ఐదో తరానికి విండోస్ 11 అర్హత లేదు. అడ్డదారిలో వేసేవాళ్లు ఉన్నారు గానీ అలాంటి మిషన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది, కాబట్టి వద్దు. పైన చెప్పిన భద్రతా అప్‌డేట్ల పొడిగింపులో ఒకే అకౌంట్ మీద 10 కంప్యూటర్ల దాకా చేర్చవచ్చు, డెస్క్‌టాప్‌కు వాడిన అకౌంట్‌తోనే దీన్నీ చేర్చండి. 2026 అక్టోబర్ 13 దాకా దిగుల్లేదు. ఆ తర్వాత దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది వేసుకోవచ్చు. పాఠాల వీడియోలు, పీడీఎఫ్‌లు, బ్రౌజర్‌లో రాసే ఈఏపీసెట్ మాక్ టెస్టులు అన్నిటికీ సరిపోతుంది, తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. డిస్క్ మీద వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూడమనండి. ఈ పని అమ్మాయి పరీక్షలు అయ్యాకే పెట్టుకోండి.